తోక మీద అంకె

“మూడు కనబడకుండా కప్పేశావా?” అని కింద నుంచి కేకేసింది అటుపెలే, నిచ్చెన గట్టిగా పట్టుకుని.

“కప్పేశా అమాయీ, నాలుగు వేస్తున్నా. నువ్వలా నిచ్చెన ఊపావంటే అది ఏడులా వస్తుంది. తర్వాత నన్ను తిట్టకు” అన్నాడు పైన కుంచె పట్టుకున్న సుజ్గో.

అమాయి అంటే అమ్మ. ఆ వైమానిక స్థావరంలో మెకానిక్‌లందరికీ పెద్దదిక్కు ఆవిడే. బయట వాన ముసురు పట్టి ఉంది. రంగు ఆరనంటోంది.

ఆ దేశానికి కాగితాల మీద ఆరు యుద్ధ విమానాలున్నాయి. ముప్ఫై ఏళ్ళ కిందట పెద్దవి రెండు కొనాలా, చిన్నవి ఆరు కొనాలా అని ఏడాదిపాటు వాదించుకుని, చెప్పుకోడానికి ఆరయితే గొప్పగా ఉంటుందని ఆరు కొన్నారు. విడిభాగాల సంగతి ఏ మహానుభావుడికీ తట్టలేదు. ఒకదాని పంపు పోతే పక్కదాని పంపు పీకి పెట్టారు. ఆ తర్వాత చక్రాలు, ఆ తర్వాత సీట్లు. అలా అయిదింటిని గుల్ల చేస్తే ఒక్కటి మిగిలింది. గుల్లలన్నీ షెడ్డు వెనక టార్పాలిన్ల కింద పడున్నాయి. మిగిలిన ఒక్కటీ ఇదే.

ఆ ఒక్కటే ఇవాళ పొద్దుటి నుంచి ఆరు విమానాలుగా ఎగురుతోంది.

సరస్సు అవతలి దేశం నుంచి కల్నల్ సింబేయె ఇద్దరు అధికారులతో వచ్చి, రన్‌వే పక్క పందిట్లో కూర్చుని లెక్కపెడుతున్నాడు. సరస్సు మధ్యలో ఉన్న దీవి గురించి రేపు ఒప్పందం. దానికి ముందు ఒకరి బలం ఒకరు చూసుకోవడం ఆనవాయితీ. పోయిన నెల ఇక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళారు. ఒకదాని వెనక ఒకటి పన్నెండు విమానాలు లేచాయట. చూసొచ్చినవాళ్ళకి వారం రోజులు ముద్ద దిగలేదు.

ఇక్కడున్నది ఒక్కటేనని తెలిస్తే రేపు సంతకం ఉండదు. వారం తిరక్కుండా వాళ్ళ పడవలు దీవిని చుట్టుముడతాయి. దీవిలో పదకొండు మంది సైనికులున్నారు. అందులో ఒకడు అటుపెలే తమ్ముడు లింబని. తల్లి పోయాక వాణ్ణి వీపున కట్టుకుని పెంచింది ఆవిడే.

“ఈసారి ఎలా నడవమంటావు అమాయీ? కుంటనా?” అన్నాడు పైలట్ వేజి, వేరే హెల్మెట్ పెట్టుకుంటూ. పొద్దుటి నుంచి నలుగురు పైలట్లూ అతనే.

“నీ మొహం! ఇందాక రెండో నంబరుకి కుంటుతూ నడిచావుగా. ఛాతీ విరుచుకుని నడువు. పో, టైమైంది.”

నాలుగు ఎగిరింది, దిగింది, షెడ్డు వెనక్కి తిరిగింది. అయిదు ఎగిరింది. చక్రాల దగ్గర పడుకుని నట్లు బిగించి బిగించి అటుపెలే మోచేతులు కొట్టుకుపోయాయి. ఆరు కూడా లేచి దిగేసరికి సుజ్గో నేల మీద చతికిలబడి దేవుడికి దణ్ణం పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే సింబేయె వానలో నడుచుకుంటూ షెడ్డులోకి వచ్చేశాడు. కార్యక్రమంలో లేని పని అది. వెనకాలే అతని అధికారులు, గొడుగు పట్టుకుని పరిగెడుతూ ఇక్కడి కమాండరు.

“దగ్గర్నుంచి చూడొచ్చామ్మా?”

“ఇంజన్ కాలుతోంది సార్” అని అడ్డం నిలబడింది అటుపెలే.

“తోక కాలదులే” అంటూ అతను పక్క నుంచి చెయ్యి చాచి ఆరు మీద వేలు పెట్టాడు.

వేలికి తెల్లరంగు అంటుకుంది.

అటుపెలే కళ్ళముందు లింబని మెదిలాడు. వేలు పిడికిట్లో దాచుకుని సింబేయె వెనక్కి తిరిగాడు.

“మీరంతా వెళ్ళి టీ తాగండి. ఈవిడతో ఇంజన్ సంగతి మాట్లాడాలి.”

అందరూ వెళ్ళాక నెమ్మదిగా అడిగాడు. “మీకు ఎన్నున్నాయమ్మా?”

“ఆరు.”

“నిజం చెప్పు.”

“ఆరు సార్. ప్రతిదాని నట్లూ నా చేత్తో బిగించాను. నమ్మకం లేకపోతే మళ్ళీ ఎగరేసి చూపిస్తాం.”

“మళ్ళీ ఆరుసార్లా? ఈ వానలోనా?”

ఆవిడ కళ్ళు దించలేదు. చంపినా ఇంకో మాట చెప్పకూడదని నిశ్చయించుకుని, చేతిలో స్పానర్ బిగించి పట్టుకుని నిలబడింది.

సింబేయె పుస్తకం తీసి ఏదో రాసి ఆవిడ వైపు తిప్పాడు. ‘ఆరు. అన్నీ ఎగిరాయి.’ కింద సంతకం కూడా ఉంది.

ఆవిడకి ఒళ్ళు మండింది.

“జాలిపడుతున్నారా సార్? మీ జాలి నాకొద్దు. నా తమ్ముడు ఆ దీవిలో ఉన్నాడు. పన్నెండు విమానాలున్నవాళ్ళ జాలి ఎన్నాళ్ళుంటుంది?”

“జాలి కాదమ్మా” అంటూ అతను జేబురుమాలుతో వేలు తుడుచుకున్నాడు. “అంకె మొత్తం కప్పి మళ్ళీ వేస్తే ఈ ముసురులో ఆరదు. ఒకటి తర్వాత రెండే ఎగరాలని ఎవరు చెప్పారు మీకు? ముందు ఒకటి ఎగరెయ్యి, దాన్నే నాలుగు చెయ్యి. అయిదుకి చిన్న గీత కలిపితే ఆరవుతుంది. సగం రంగు, సగం టైము.”

అటుపెలే స్పానర్ కిందికి దించింది.

“ఇవన్నీ మీకెలా తెలుసు సార్?”

అతను గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“మాకూ ఉన్నది ఒక్కటే.”