బొచ్చు దొంగ

కాంపాస్ బాక్సు మూత తెరవగానే టీచరు మొహం మాడిపోయింది. పెన్సిలు ముక్కల మధ్య, చిన్న చిన్న ఉండలుగా చుట్టి, తెల్లటి బొచ్చు.

"ఇదా సంగతి" అంది టీచరు.

క్లాసంతా కిటికీ పక్కనున్న పంజరం వైపు తిరిగింది. అందులో రెండు పెంపుడు ఎలుకలు. తెల్లదాని పేరు సుద్ద, నల్లదాని పేరు బొగ్గు. పేర్లు పిల్లలు పెట్టినవే. రెండు వారాలుగా సుద్దకి బొచ్చు ఊడిపోతోంది. ముందు నుదురు, తర్వాత భుజాలు, ఇప్పుడు వీపు కూడా గులాబీ రంగులో బయటపడింది. టీచరు పంజరం కడిగింది, అడుగున వేసే కాగితాలు మార్చింది, గింజలు మార్చింది. ఏం చేసినా ఊడేది ఊడుతూనే ఉంది. ఇదిగో, ఇవాళ దొంగ దొరికింది.

దొంగ ముందు బెంచీ పిల్ల. అడిగినా మాట పలకదని స్టాఫ్‌రూములో అందరూ దాన్ని మూగనోము అంటారు.

"సుద్ద బొచ్చు నువ్వే పీకుతున్నావా?"

పిల్ల పంజరం వైపు ఒకసారి చూసింది. తర్వాత తలూపింది. ఎందుకని ఎన్నిసార్లు గుచ్చి గుచ్చి అడిగినా ఇంక నోరు విప్పలేదు. నోరు లేని జీవిని హింసించడం ఎంత తప్పో టీచరు అరగంట చెప్పింది. ఎలుకలకి గింజలు వేసే వంతు ఆ పిల్లకి తీసేసి, చివరి బెంచీకి పంపింది. విరామం గంట కొట్టేసరికి దానికి బొచ్చు దొంగ అని పేరు పడిపోయింది. పక్కన ఎవరూ కూర్చోలేదు.

మూడు రోజుల తర్వాత సుద్ద మెడ మీద కొత్తగా ఇంకో చోట బొచ్చు ఊడి కనబడింది. పిల్ల చివరి బెంచీ వదిలి కదిలింది లేదు. ఆ సాయంత్రమే టీచరు పంజరం పట్టుకుని జంతువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది.

డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు. పురుగు లేదు, తామర లేదు, పుండు లేదు. వెంట్రుకలు మాత్రం కత్తెరతో కత్తిరించినట్టు మొదళ్ళ దగ్గర తెగి ఉన్నాయి. సుద్దకి మీసాలు కూడా సగమే మిగిలాయి.

"ఈ నల్లదాన్ని చూడండి. ఎంత నిగనిగలాడుతోందో. దొంగ ఇదే" అన్నాడాయన నవ్వుతూ. పెత్తనం చేసే ఎలుక పక్కదాని బొచ్చు కొరకడం మామూలేననీ, చోటు చాలకా ఊసుపోకా ఇలా చేస్తుంటాయనీ చెప్పాడు. ముందు పంజరం పెద్దది కొని, కొరుక్కోడానికి చెక్కముక్కలు వేసి చూడమన్నాడు. అప్పటికీ మానకపోతే వేరు చేయమన్నాడు.

టీచరుకి చివరి మాట ఒక్కటే చెవికెక్కింది. తల కొట్టేసినట్టయింది ఆవిడకి. తప్పు చేయని పిల్లని నలభై మంది ముందు దొంగని చేసింది. ఆ తప్పు ఎంత త్వరగా దిద్దుకుంటే అంత మంచిది. ఎలుకల్ని కొన్న దుకాణం దారిలోనే ఉంది. బొగ్గుని వాళ్ళకి తిరిగిచ్చేసి, చేతులు దులుపుకుని, సుద్ద పంజరం బడిలో పెట్టేసి, తిన్నగా పిల్ల ఇంటికి వెళ్ళింది.

తల్లి కంగారుగా కుర్చీ వేసి, మంచినీళ్ళు తేవడానికి లోపలికి వెళ్ళింది. వంటిల్లు పోను ఒకటే గది. అందులో రెండు మంచాలు. ఒకదాని మీద పరుపు చుట్టిపెట్టి ఉంది. రెండోదాని మీద పిల్ల కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. టీచరు దాని పక్కనే కూర్చుంది.

"నాదే తప్పమ్మా. నిన్ను ఊరికే అనుమానించాను. సోమవారం అందరి ముందూ చెప్తాను. సుద్దని కొరికింది బొగ్గేనట."

పిల్ల పెన్సిలు ఆగిపోయింది. "బొగ్గు ఏది టీచర్?"

"దుకాణంలో ఇచ్చేశాను. ఇంక సుద్దకి ఏ భయమూ లేదు."

"సుద్ద ఒక్కత్తే ఉందా?"

"ఉంటే ఏం? హాయిగా ఉంటుంది."

పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "కొరికేది బొగ్గేనని నాకు తెలుసు టీచర్. రాలిన బొచ్చు మీకు కనబడకూడదని రోజూ ఏరి దాచాను."

"తెలిసి నాకెందుకు చెప్పలేదమ్మా?"

పిల్ల చుట్టిపెట్టిన పరుపు వైపు చూసింది. లోపలున్న తల్లికి వినబడకుండా చెప్పింది.

"అక్క నన్ను గిల్లుతోందని ఒకసారి అమ్మతో చెప్పాను టీచర్. మర్నాడే అక్కని హాస్టల్లో వేసేశారు."