తండ్రి పొడుగు

"నేను సంతకం పెట్టను సార్," అంది ఐరీన్, రెండు రిపోర్టులూ హార్లన్ ముందుకు తోస్తూ. ఊళ్లు తిరిగి కుర్రాళ్ల ఆట చూసొచ్చే స్కౌట్లు రాసిన దాంట్లో ఎంత నమ్మొచ్చో తేల్చడం ఆ బేస్‌బాల్ క్లబ్‌లో ఆమె ఉద్యోగం. ఆమె మాట వినకపోవడం హార్లన్ ఉద్యోగం.

"ఇరవై నిమిషాల్లో కొత్త కుర్రాణ్ణి ఎంచుకునే మన వంతు. రెండేళ్లుగా మొదటి ఎంపికే బోల్తా కొడుతోంది. ఈసారీ తప్పితే ఓనరు నన్ను ఇంటికి పంపేస్తాడు. ఇవాళ నీ పేచీలు వద్దు తల్లీ."

"కుర్రాడు అయిదడుగుల ఎనిమిదంగుళాలు సార్. ఆ ఒంటితో పెద్దాటలో నెగ్గుకురాలేడు."

"ఎదుగుతాడు. తండ్రిని చూస్తే కొడుకు తెలియడూ?" హార్లన్ కళ్లజోడు పెట్టుకుని పురాణం విప్పినట్టు కాగితం విప్పాడు. "ముప్పై ఏళ్లుగా ఇదే పనిలో ఉన్న వర్జిల్ ఏమన్నాడు? 'తండ్రి గడ్డి టోపీ పెట్టుకుని పై వరసలో కూర్చున్నాడు. ఆరడుగుల నాలుగంగుళాలకు తగ్గడు. కొడుకు విసిరిన ప్రతి బంతీ ఫోన్‌లో తీసుకున్నాడు.' కాలిఫోర్నియా నుంచి కొత్తగా తెచ్చుకున్న లానీ ఏమన్నాడు? 'తండ్రి మీసాల మనిషి, తలుపంత ఉన్నాడు. మైదానం అంచున కట్టిన వల పట్టుకుని నిలబడి, కొడుకు విసిరిన ప్రతి బంతీ చిన్న పుస్తకంలో రాసుకున్నాడు.' ఎంత ప్రేమ చూడు."

"ఒకాయన పైన కూర్చున్నాడంటాడు, ఒకాయన కింద నిలబడ్డాడంటాడు."

"తండ్రికి కాళ్లుండవా? లేచి నడిచుంటాడు."

"ఆట అయ్యాక కొడుకుని పలకరించకుండానే వెళ్లిపోయాడని ఇద్దరూ రాశారు."

"దాన్నే పెంపకం అంటారు. మా నాన్నా అంతే."

"పోనీ, ఆయనతో మనవాళ్లు ఎవరైనా మాట్లాడారా?"

హార్లన్ జాలిగా చూశాడు. "స్కౌటు నోరు విప్పితే పక్క క్లబ్బులు పసిగట్టవూ? మామూలు బట్టల్లో వెళ్లాలి, ఊరివాడిలా నిలబడాలి, వచ్చేయాలి. పైగా ఒకరి మాట ఇంకొకరికి అంటకూడదని, ఒకే ఆటకి ఇద్దర్నీ విడివిడిగా పంపాను. ఒకరి మొహం ఒకరు ఎరగరు. ఇద్దరు సాక్షులు, ఒకటే మాట. నీ కంప్యూటర్‌కి ఇంతకన్నా ఏం కావాలి?"

ఐరీన్‌కి ఒళ్లు మండిపోయింది. సంతకం హార్లనే పెట్టేశాడు, పెద్ద అక్షరాలతో.

అరగంటలో కుర్రాడి పేరు టీవీలో వినబడింది. ఇక వెనక్కి తీసుకోవడానికి లేదు. హార్లన్ కేకు తెప్పించి, ఇద్దరు స్కౌట్లనూ ఒకేసారి గదిలోకి పిలిపించాడు. ఐరీన్‌కి కూడా ఒక ముక్క పెట్టాడు, ఓడినవాళ్లని చిన్నబుచ్చకూడదని.

వర్జిల్ మీసం దువ్వుకుంటూ వచ్చాడు. వెనకే లానీ గుమ్మం తగలకుండా తల వంచి, గడ్డి టోపీ తీస్తూ వచ్చాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుని ఆగిపోయారు.

ముందు తేరుకున్నది వర్జిల్. ఆనందం పట్టలేక లానీ చెయ్యి రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. "మీరే వచ్చారా, సంతోషం. మీ అబ్బాయిని మేం బంగారంలా చూసుకుంటామండీ."

లానీ తెల్లబోయాడు. "మా అబ్బాయేంటండీ, వాడు మీ అబ్బాయి కదా?"