కుంటి పిచ్చుక గడప పుల్ల

ఏటా వానలకు ముందు చెరువుగట్టు తుమ్మ మీది గూళ్లన్నీ గిజిగాడే కొత్తగా అల్లేవాడు, అడిగినా అడగకపోయినా. మంచివాడే, ఎదుటివాళ్ల మాట వినడు, అంతే.

కుంటి పిచ్చుక కాలు ఆనించుకోవడానికి గూటి వాకిట్లో పుల్ల వంచి కట్టుకుంది. అందం చెడిందని గిజిగాడు దాన్ని పీకేసి, నున్నటి గడ్డి గడప అల్లిపెట్టాడు. మేత తెచ్చిన పిచ్చుక వాకిట్లో నిలవలేక జారిపోయింది. లోపల పిల్లలు ఆకలికి అరుస్తున్నాయి.

"నా పుల్ల ఏదిరా తమ్ముడూ?"

"అది పాతది కదక్కా! ఇప్పుడందరికీ నున్నటి గడపే."

"అందరికీ రెండు కాళ్లురా! గూడు నువ్వు అల్లు, నా పుల్ల జోలికి రాకు. కొత్తది పక్కన పెట్టు, నచ్చితే నేనే వేసుకుంటా."

గిజిగాడు పుల్ల వెతికి కట్టాడు. నున్నటి గడపను పక్కనే వేలాడదీశాడు. పిల్లలు కడుపునిండా తిని దానిమీద ఉయ్యాలలూగాయి.

ఆ ఉయ్యాల ఆలోచన తనదేనని గిజిగాడు గట్టంతా చెప్పుకుంటున్నాడు.