పొల్లు పోకుండా

కదిరి నుంచి బస్సులో నిలబడే వచ్చిన తిమ్మప్ప, మాదాపూర్‌లో ఓ అద్దాల మేడ గేటు దగ్గర కాపలా ఉన్న మనిషి ముందు ఆగాడు.

"యాదయ్యంటే నువ్వేనా?"

ఆ గొంతు వినగానే కాపలా మనిషి ముఖం పాలిపోయింది. ఇద్దరూ ఒకరినొకరు చూడటం అదే మొదలు. రెండు నెలల కింద బేరమంతా ఫోన్లోనే జరిగింది. పొలం పోయినవాడు ట్రాక్టర్ అమ్ముకోక ఏం చేస్తాడులే అని తిమ్మప్ప నమ్మేశాడు. పోస్టులో ఒక ఫొటో వచ్చింది, ఆ వెనకే లారీలో ట్రాక్టర్ వచ్చింది. చూడబోతే పెళ్లికూతురే. కొత్త ఎర్రరంగు, మెడలో బంతిపూల దండ. దుక్కిలో దిగిన మూడోనాడే పొగ కక్కి పడుకుంది.

మెకానిక్ విప్పి చూసి పెదవి విరిచాడు. ఇంజన్ బ్లాకు ఎప్పుడో పగిలితే వెల్డింగు పెట్టి పైన రంగు కొట్టారట. పాత ఇనుముకు తప్ప పనికిరాదన్నాడు. దాని కోసం తిమ్మప్ప ఉన్న నాలుగెకరాలూ తాకట్టు పెట్టాడు. పెట్టిన డబ్బు వెనక్కి రాకపోతే ఈ ఏడుతో అవీ పోతాయి.

"తెల్వక గాదన్నా, తెలిసే అమ్మిన," అన్నాడు యాదయ్య తలొంచుకుని. "పైసలన్నీ నా పెండ్లాం దవాఖానకే అయిపోయినయి. ఆమె గూడ దక్కలే. కొడ్తవా, కొట్టు."

కొడదామనే వచ్చాడు తిమ్మప్ప. తీరా చూస్తే చెయ్యి లేవలేదు. చచ్చిన పామును ఏం కొడతాం? జాలేసింది. జాలి పడుతున్నందుకు తన మీద తనకే ఒళ్లు మండింది.

"దుడ్లు అడగన్లేప్పా," అంటూ జేబులోంచి కాగితం, పెన్ను తీశాడు. "ఆ పొద్దు ఫోన్లో నాకేం జెప్పినావో అదంతా మళ్లా సెప్పు. మాట పొల్లు పోగూడదు."

"పోలీసులకిస్తవా?"

"ముందు సెప్పు."

యాదయ్య చెప్పాడు. తిమ్మప్ప ఒక్కో మాటా రాసుకున్నాడు. ఒకచోట ఆపాడు.

"'ఫికర్ జెయ్యకు' అన్నావా, 'భయపడకు' అన్నావా?"

"ఫికర్ జెయ్యకు అన్న."

"ఔ. ఆ మాటకే నేను పడిపోయింది."

అదీ రాసుకుని, మొత్తం పైకి చదివాడు. యాదయ్య రెండుచోట్ల దిద్దాడు. ఇక జైలే గతి అనుకున్నాడేమో, కళ్లు తుడుచుకున్నాడు.

"ఏడికి రమ్మంటే ఆడికొస్త అన్నా. ఇగ నాకేమున్నది ఈడ."

తిమ్మప్ప కాగితం పట్టుకుని రోడ్డు దాటాడు.

ఎదుటి ఎస్టీడీ బూత్‌లో దూరి, పాత ట్రాక్టర్ కోసం వెతుకుతున్న ఓ బొబ్బిలి రైతుకు ఫోన్ కలిపి, కాగితంలోకి చూస్తూ, "నమస్తే అన్నా, మాది మాదాపూర్, భూమి మొత్తం కంపెనీలకు పోయింది, ఇగ ట్రాక్టర్ నేనేం జేసుకుంట చెప్పు" అన్నాడు తిమ్మప్ప.