మావాళ్లెంతమంది?

“ర్యాంకు సరేనండీ. అక్కడ మావాళ్లెంతమంది ఉన్నారు?” అన్నాడు జయకృష్ణ.

ఉమాశ్రీకి ఒళ్లు మండింది. గుడివాడ బస్టాండు దగ్గర విదేశీ చదువుల కన్సల్టెన్సీ పెట్టిన నాటినుంచీ ఈ ప్రశ్న వినని రోజు లేదు. మావాళ్లంటే కులంవాళ్లు. పేరెత్తకుండా కులం అడగడంలో ఈ రైతులకు డాక్టరేట్ ఇవ్వొచ్చు. పైగా మొవ్వ నుంచి వచ్చిన ఈ మహానుభావుడి కూతురు దీప్తి చదువుతానంటున్నది సోషియాలజీ!

“లండన్‌లో మీవాళ్లకేం కొదవండీ, వీధికొకరు. సోషల్ సైన్సెస్‌కి అంత పేరున్న చోటు ఇంకోటి దొరకడం కష్టం.”

“తర్వాతది చెప్పండి.”

వీధికొకరు సరిపోలేదు కాబోలు అనుకుంది ఉమాశ్రీ.

“టొరంటో. పేరు కాస్త తక్కువ. కానీ జనంలో తిరిగి చేసే పరిశోధనకి మంచిది. మీవాళ్లు చలికి హాల్లో కూర్చుని మరీ కార్తీక వనభోజనాలు చేసుకుంటారట.”

“అక్కడ ఆడపిల్ల ఎవరితో ఉంటుందో మా ఊళ్లో తెలిసిపోతుందా?”

“సాయంత్రానికల్లా తెలిసిపోతుందండీ.”

జయకృష్ణ కండువాతో మొహం తుడుచుకున్నాడు. “తొందరగా చూడండమ్మా. ఈ ఏడు వెళ్లకపోతే ఇంక దీన్ని చదివించలేను.”

వచ్చే ఏడు పెళ్లి చేసేస్తాడన్నమాట! పిల్లకున్నది ఈ ఒక్క అవకాశమే. దాన్ని కూడా కాపలా మనుషుల లెక్క చూసి తేలుస్తున్నాడు. ఇలాంటి మనిషికి బల్ల మీద మంచినీళ్లు పెట్టడం కూడా దండగ అనిపించింది ఉమాశ్రీకి. తల వంచుకు కూర్చున్న దీప్తిని చూసినా చిరాకే వేసింది. సమాజాన్ని చదువుతుందట, కన్నతండ్రి ముందు నోరు పెగలదు. ఈ సంబడానికి ఏ దేశమైతేనేం?

“మెల్‌బోర్న్ చూడండి. మీ అన్నయ్యగారబ్బాయి అక్కడే ఉన్నాడన్నారుగా. వాళ్లింట్లోనే ఉండొచ్చు.”

“వద్దు!”

గట్టు తగాదా ఉండుంటుంది. జానెడు నేల కోసం అన్నదమ్ముల మీద కత్తులు నూరకపోతే వీళ్లకు పొద్దు గడవదు.

ఉమాశ్రీ ఓపిక అయిపోయింది. ఎగతాళికే అంది. “అయితే నార్వేలో ఓ చిన్న ఊరుంది. ర్యాంకుల్లో ఎక్కడో అడుగున. చలికాలంలో పొద్దే పొడవదు. మీవాళ్లు కాదు కదా, తెలుగువాడే ఒక్కడు లేడు. పంపుతారా?”

జయకృష్ణ కుర్చీలో ముందుకు జరిగాడు.

“నిజంగా ఒక్కడూ లేడా?”

“లేడండీ. ఇప్పటిదాకా మా దగ్గర్నుంచి అక్కడికి ఎవరూ వెళ్లలేదు.”

“అక్కడికే అప్లై చెయ్యండి. ఇద్దరికి.”

దీప్తి మొదటిసారి తలెత్తి తండ్రి వైపు చూసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి.

మావాళ్లు లేకపోతే ఇక్కణ్ణుంచే ఒకణ్ణి కాపలాకి తోలుతున్నాడు! ఉమాశ్రీ నవ్వాపుకుంటూ పెన్ను తీసింది.

“ఆ రెండోవారెవరండీ?”

జయకృష్ణ లేచి వెళ్లి, బయట ఎవరూ లేరని చూసి, తలుపు దగ్గరగా వేసి వచ్చి గొంతు తగ్గించాడు.

“మా అల్లుడండీ, మావాడు కాదు.”