అలకగుల్ల

కొల్లేట్లో నత్తలు బొత్తిగా కనుమరుగయ్యాక, అడుగు బురదలో దొరికే గుల్లలను బట్టి ఎక్కడ ఏ నత్త బతికిందో తెలుసుకుని మళ్లీ తెచ్చి వదలాలనుకున్నారు. ఆ పనికని గట్టు మీది ఊళ్లన్నిటికీ మాట్లాడే కళ్లద్దాలు పంచారు. గుల్లలేరే నాంచారమ్మ ఒక్కోదాన్ని మొన పైకి పెట్టి పట్టుకుంటే చాలు, అద్దం దాని పేరు చెప్పేసేది. ఆపైన గుల్లను సేకరణ పెట్టెలో వేయాలి.

ఆ ఉదయం దొరికిన గుల్లకు మూతి అన్నిటిలా కుడివైపు కాక ఎడమవైపుంది.

"దీనికి పుస్తకాల్లో పేరు లేదు. మీరేమంటారు?" అని అడిగింది అద్దం.

నాంచారమ్మ గుల్లను అరచేతిలో తిప్పి చూసుకుంది. చిన్నప్పుడు తనూ చెల్లెలు సుభద్రా పెట్టుకున్న పేరొకటుంది. మూతి తిప్పుకుంది కాబట్టి అలకగుల్ల. అలిగినవాళ్ల చేతిలో దాన్ని పెడితే వాళ్లు పలికి తీరాలి. అమ్మ పోయిననాడు మాటామాటా పెరిగి అక్కచెల్లెళ్లకు పలుకుల్లేకుండా పోయాయి. అలాంటి గుల్లా మళ్లీ కంటబడలేదు.

"అలకగుల్ల," అంది మెల్లగా.

"ఈ పేరే నిన్న ఆకివీడు వైపు నుంచి ఒకావిడ చెప్పారు. గుల్లను మాత్రం పెట్టెలో వేయలేదు. ఎవరికో ఇవ్వాలట."

నాంచారమ్మ తలెత్తి నీళ్ల అవతల చెల్లెలుండే గట్టుకేసి చూసింది.

"గుల్లను పెట్టెలో వేయండి," అంది అద్దం.

"నేనూ వెయ్యనులే," అంటూ నాంచారమ్మ దాన్ని కొంగున ముడేసుకుంది. "చెల్లెలు బయల్దేరకముందే నేనెళ్లి దాని చేతిలో పెట్టాలి."