మేడ మీది దుప్పట్లు

"అది నా లాండ్రీ!" అని అరిచాడు యజమాని, చేతిలోని ఇస్త్రీపెట్టె ఎవరి చొక్కా మీద ఉందో కూడా మరిచిపోయి.

టీవీలో రక్షణమంత్రి బెత్తంతో ఒక ఫోటో చూపిస్తున్నాడు. "చర్చల్లో శత్రుదేశం మనకు చెప్పకుండా దాచిన అణుకేంద్రం ఇదే. ఇవి యురేనియం పీపాలు. ఇవి మన విమానాల కంట పడకుండా కప్పిన ముసుగులు. ఇదిగో, ఈమె వాళ్ళ శాస్త్రవేత్త."

పీపాలు సబ్బునీళ్ళవి. ముసుగులు ఆస్పత్రి దుప్పట్లు. శాస్త్రవేత్త అతని భార్య.

"కాస్త లావుగా పడ్డాను కదండీ?" అందామె.

అప్పటికి చొక్కా మాడింది.

లాండ్రీ ప్రకటన కోసం పక్కనున్న ఎత్తు మేడ ఎక్కి ఆ ఫోటో తీసింది ఆమె తమ్ముడే. అతను రక్షణశాఖలో ఫోటోగ్రాఫరు. కబురు పెడితే పరిగెత్తుకొచ్చాడు.

"ఏం చెయ్యను బావా? సాయంత్రంలోగా అణుకేంద్రం ఫోటో కావాలన్నారు. ఉంటేగా తియ్యడానికి! నా దగ్గర పైనుంచి తీసింది ఇదొక్కటే ఉంది."

"యుద్ధానికి నా దుప్పట్లు సాక్ష్యమట్రా? రేపే పత్రికలవాళ్ళ దగ్గరికి పోతా."

"నా ఉద్యోగం ఊడుతుంది బావా!"

"ఊడితే ఊడింది. ఒళ్ళు హూనం చేసుకుని కట్టిన మేడ ఇది. ఎవడైనా గుర్తుపట్టి దీన్ని బాంబుల కొట్టు అన్నాడంటే, ఆస్పత్రివాళ్ళు దుప్పటి కాదుగదా, చేతిరుమాలు కూడా పంపరు."

తమ్ముడు అక్క వైపు చూశాడు. అక్క ఇంకా టీవీ వైపే చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే వార్త వచ్చింది. శత్రువుల అణుకేంద్రం మన విమానాల దాడిలో నేలమట్టమైంది, ఇక చర్చలతో పనిలేదు అన్నాడు మంత్రి.

"అసలంటూ ఉంటే కదా కూలడానికి!" అన్నాడు చొక్కా కోసం వచ్చిన గుమాస్తా. "కూలిందే అనుకుందాం. కూలిన ఫోటో చూపించరేం?"

యజమానికి ప్రాణం లేచొచ్చింది. "నిజం నిప్పులాంటిది బాబూ, దాగదు. ఆ నేలమట్టమైంది ఇదే. మీరు నిలబడ్డది అందులోనే!"

"మంత్రినే నమ్మనివాణ్ణి, నిన్ను నమ్ముతానా? ముందు నా చొక్కా సంగతి చెప్పు."

ఆ సంగతి చెప్పే లోపే తమ్ముడు ఒక అధికారిని వెంటబెట్టుకుని వచ్చాడు. అధికారి మహా మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచి మరీ లోపలికొచ్చాడు.

"మీ మేడ ఫోటో చూపించడం పొరపాటే. దాన్ని ఈరోజే సరిదిద్దేస్తాం," అన్నాడు.

యజమాని కోపం కాస్తా మంచులా కరిగిపోయింది. ఎంతైనా ప్రభుత్వం ప్రభుత్వమే, తప్పు ఒప్పుకుంది అనుకున్నాడు.

"ఆ ఫోటోలో ఉన్నట్టే మళ్ళీ దుప్పట్లు ఆరేస్తారా అమ్మా?" అని అడిగాడు అధికారి.

ఆమె ముందు తల దువ్వుకుని, తర్వాత దుప్పట్లు ఆరేసింది. యజమాని తనే పీపాలు దొర్లించి, "ఇంకాస్త ఇటు జరపమంటారా సార్?" అని అడిగి మరీ సర్దాడు. అధికారి పాత ఫోటోతో పోల్చి చూసుకుని, భేష్ అన్నాడు. తమ్ముడు మాత్రం బావ మొహం చూడకుండా కెమెరా తీసుకుని పక్క మేడ ఎక్కాడు.

"ఇక అందరూ వీధి చివరికి వెళ్ళండి," అన్నాడు అధికారి.

పనివాళ్ళు వెళ్ళారు. మాడిన చొక్కాతో గుమాస్తా కూడా వెళ్ళాడు. యజమాని కదల్లేదు.

"మమ్మల్ని ఫోటోలో ఉంచరా సార్? ఇది లాండ్రీ అని జనానికి తెలియాలి కదా! మా ఆవిడ తల కూడా దువ్వుకుంది."

"వద్దులెండి," అన్నాడు అధికారి, చెప్పులు తొడుక్కుని ఆకాశంకేసి చూస్తూ. "నిన్న చూపించింది దాడికి ముందు ఫోటో. జనం ఇప్పుడు దాడి తర్వాత ఫోటో అడుగుతున్నారు."